ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎండలో

గేర్లు వాటంతటవే మారే బండిని మనవాళ్లు 'లేడీస్ బండి' అంటారు. కైనెటిక్ హోండా, స్కూటీల రోజుల నుంచీ వింటున్న మాటే ఇది. ఇప్పుడు ఆటోమేటిక్ కార్లకీ అంటుకుంది. క్లచ్చు తొక్కి గేరు మార్చడం ఒక నేర్పు, ఆ నేర్పు లేనివాళ్లకి యంత్రమే ఆ పని చేసిపెడుతుంది అని దాని లోపలి అర్థం. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు పెట్టి అమ్మిన హైడ్రామాటిక్ గేర్‌బాక్సును రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు తేలికపాటి ట్యాంకుల్లో వాడారు. యుద్ధం అయిపోయాక ఆ సంగతినే ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నారు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో వంద టన్నులు మోసే డంపర్లకీ ఆటోమేటిక్ గేర్లే. వాటిని లేడీస్ బండ్లని ఎవరూ అనగా నేను వినలేదు.

మా అక్కకి అలాంటి బండి ఒకటుంది. ఆరు గేర్ల ఆటోమేటిక్ పికప్ ట్రక్కు. 2021లో బెంగుళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇప్పటికి రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది. అక్కది హిందూపురంలో పట్టునూలు వ్యాపారం. అక్కడి గూళ్ల మార్కెట్టు రాష్ట్రంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. గూళ్ల నుంచి తీసిన నూలుకు పురి పెట్టించి, ధర్మవరం మగ్గాల ఇళ్లకు చేరవేసి, నేసిన చీరలు వెనక్కి తెస్తుంది. వారానికి రెండు మూడు ట్రిప్పులు. డ్రైవరును పెట్టుకోలేదు. మగ్గాల ఇళ్లలో లెక్కలు మాట్లాడాల్సింది తనే కాబట్టి బండి కూడా తనే నడుపుకుంటే ఒక జీతం మిగులుతుందని ఆమె లెక్క. మా బావకి ఇది మొదటి నుంచీ నచ్చలేదు.

దారి గురించి కొంచెం చెప్పాలి. హిందూపురం మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ధర్మవరం 350 మీటర్ల దగ్గరుంది. మే నెలలో 40 దాటడం అక్కడ వార్త కాదు. మధ్యలో పెనుకొండ. 1565 తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న కొండ ఒక పక్క, 2019 నుంచి కార్లు తయారవుతున్న కియా ఫ్యాక్టరీ ఇంకో పక్క. 2022లో అనంతపురం జిల్లా నుంచి విడదీసి శ్రీ సత్యసాయి జిల్లా అన్నారు గానీ వానలు మాత్రం ఎప్పటిలాగే పడితే పడ్డట్టు, లేకపోతే లేదు. పడితే సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే ఒకే రోడ్డు మీద, ఒకే బండి, ఏడాదిలో మూడు రకాల వాతావరణాలు చూస్తుంది. ఒక్కోసారి ఒకే రోజులో రెండు చూస్తుంది.

బండి మొరాయించడం 2023 చలికాలంలో మొదలైంది. పొద్దున్నే స్టార్టు చేసి గేరు 'డి'లోకి వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. తర్వాత ఒక్క కుదుపుతో పట్టుకుంటుంది. రెండో గేరు నుంచి మూడోదానికి పోవడానికి బాగా తాత్సారం చేస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక మామూలే. ఎండాకాలం వచ్చేసరికి పొద్దున బాగానే ఉంటుంది గానీ మధ్యాహ్నం, లోడు మీద, ధర్మవరం పొలిమేరల్లో గేరు మారే ముందు ఇంజను ఊరికే అరుస్తుంది. బండి వేగం పెరగదు. వానల్లో ఒకసారి ఒకే గేరులో బిగుసుకుపోయి ముక్కుతూ మూలుగుతూ ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున ఏమీ ఎరగనట్టు నడిచింది.

బెంగుళూరులో ఒక పెద్ద సర్వీస్ సెంటరుకి తీసుకెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. కౌంటరు దగ్గర కుర్రాడు అక్క చెప్పింది విని, కంప్యూటరులో 'గేర్ షిఫ్టింగ్ ప్రాబ్లం' అని మూడు ముక్కలు కొట్టాడు. "చలికి గేర్‌బాక్సు పాడవ్వడానికి ఇదేం విదేశం కాదు మేడమ్" అన్నాడు. చలి అంటే మిషిగన్‌లో మంచు పడే చలి ఒక్కటే అన్నట్టు. "ముందు చలికన్నారు, ఇప్పుడు ఎండకంటున్నారు. అసలు ఎప్పుడొస్తుంది ప్రాబ్లం?" అని అడిగి, జవాబు వినకుండానే పక్కనున్న మా బావ వైపు తిరిగి, "సార్, మేడం యాక్సిలరేటరు ఎలా తొక్కుతారు?" అన్నాడు. బావ నవ్వాడు. టెస్ట్ డ్రైవుకి వెళ్లొచ్చిన మెకానిక్కు ఏ లోపమూ కనపడలేదన్నాడు. ఆ రోజు బెంగుళూరులో ఎండా లేదు, చలీ లేదు, వానా లేదు. లోపం లేదన్న ఆ చేత్తోనే, గేర్‌బాక్సు మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేస్తే మంచిదని 2,60,000 రూపాయల అంచనా రాసిచ్చారు.

ఆ కాగితం ఇంట్లో ఏం పని చేసిందో చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం గేర్‌బాక్సుకి కాదు. రెండు లక్షల అరవై వేలు పెట్టేకంటే బండి అమ్మేయడం నయం అన్నాడు బావ. అమ్మితే నూలు వేరేవాళ్ల ఆటోల్లో, వాళ్లకి వీలైనప్పుడు పోతుంది. పోనీ బాగు చేయిద్దామంటే, చేయించాక మళ్లీ నువ్వే తోలి పాడు చేస్తావు, డ్రైవరును పెట్టుకుందాం అన్నాడు. ఏ దారిన పోయినా అక్క ఆ సీట్లోంచి దిగాల్సిందే. ఆ సీట్లోంచి దిగితే మగ్గాల ఇళ్లతో ఆమెకున్న సంబంధం ఫోను సంబంధంగా మిగులుతుంది. ఫోను మీద ఎవరు ఎంత మజూరీ అడుగుతున్నారో తెలుస్తుంది గానీ, ఎవరింట్లో మగ్గం ఎందుకు ఆగిందో తెలియదు. ఆ తేడాయే ఆమె వ్యాపారం.

సాక్ష్యం చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆ సాక్ష్యం విలువ తగ్గిపోవడాన్ని మిరాండా ఫ్రికర్ తన 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' (2007) పుస్తకంలో ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. చెప్పింది తప్పని కాదు, చెప్పినామె తెలిసి చెబుతోందని నమ్మకపోవడం. ఆడవాళ్లకి ఇది పుస్తకం చదివితే గానీ తెలియని సంగతేం కాదు. డాక్టరు దగ్గర, పోలీసు స్టేషన్‌లో, ఆస్తి పంపకాల్లో అందరం చూసిందే. నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. సర్వీస్ సెంటరు కుర్రాడు అక్క అబద్ధం చెబుతోందని అనలేదు. ఒక మాట మీద నిలబడడం లేదన్నాడు. చలికీ అదే జబ్బు, ఎండకీ అదే జబ్బు అంటే రెంటిలో ఒకటి తప్పయి ఉండాలి కదా అని అతని తర్కం. స్త్రీల కథనాల్లో పొంతన లేదని కొట్టేసేటప్పుడు ఎప్పుడూ వాడే తర్కమే. పొంతన ఎక్కడుందో వెతకాల్సింది వినేవాడు కూడానన్న ఆలోచనే రాదు.

అక్క అప్పట్నుంచి రాయడం మొదలుపెట్టింది. నూలు లెక్కల పుస్తకంలోనే వెనక పేజీల నుంచి. తేదీ, బయల్దేరిన టైము, ఎక్కడ ఇబ్బంది పెట్టింది, బండిలో ఎంత బరువు, ఎండా వానా మబ్బా, ఏసీ ఉందా లేదా, ఎన్ని కిలోమీటర్ల తర్వాత సర్దుకుంది. ఎవరూ చెప్పలేదు. "నూలు తూకం రాయకపోతే ఎవరన్నా నమ్ముతారా? ఇదీ అంతే" అంది.

అలవాటు ఎక్కడ పట్టుబడిందో ధర్మవరంలో నాకర్థమైంది. మేం నూలు దించే ఒకింట్లో అరవై దాటిన ఒకామె ఉంది. అక్క చిన్నమ్మా అని పిలుస్తుంది. మగ్గం మీద కూర్చునేది ఆమె కొడుకు. నూలు తోడడం, కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం ఆమె పని. చేనేత గణనల్లో ఆమెలాంటి వాళ్లు 'అనుబంధ కార్మికులు'. పొద్దున లేచి గడప బయట ఒక్క నిమిషం నిలబడి, ఆ రోజు పడుగు ఎలా ఉంటుందో చెప్పగలదామె. గాలిలో తేమ ఎక్కువైతే పట్టు సాగి పడుగు వదులవుతుంది. పొడి గాలికి పోగు బిరుసెక్కి తెగుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టి గుంత మగ్గంలోకి నీరు ఊరితే పనే ఆగుతుంది. "ఎండకీ తెగుతాది, వానకీ చెడతాది. రెండిటికీ చెడతాదంటే పట్టుది తప్పా? దాని గుణమే అంత" అంది ఒకసారి. ఆ మాట చిన్నమ్మ గేర్‌బాక్సు గురించి అనలేదు. ఆ ఏడు ఒక చీర ఎందుకు ఆలస్యమైందో అక్కకి చెబుతూ అంది. నేను మాత్రం ఆ మాట రాసుకున్నాను.

అనుభవమే సాక్ష్యం అని మనం తేలిగ్గా అనేస్తాం. జోన్ స్కాట్ 1991లో రాసిన 'ది ఎవిడెన్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' వ్యాసం ఈ తేలికదనాన్నే ప్రశ్నించింది. అనుభవం తనంతట తానే ఏదీ రుజువు చేయదు, అది ఎలా ఏర్పడిందో కూడా చూడాలంటుంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తమ సంగతులు చెప్పారు. అందులో నాకు ఇప్పటికీ ముఖ్యం అనిపించేది, అడిగిన స్త్రీలు ఓపిగ్గా అడిగి, ఓపిగ్గా వినడం. అడిగే తీరు సరిగా లేకపోతే చెప్పేవాళ్లు ఎంత తెలిసినవాళ్లయినా 'గేర్ షిఫ్టింగ్ ప్రాబ్లం' దగ్గరే ఆగిపోతుంది.

సరిగ్గా అడిగినాయన పెనుకొండలో దొరికాడు. హైవే పక్కన రేకుల షెడ్డు. చాలా ఏళ్లు లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించిన పెద్దాయన. ఆటోమేటిక్ పని మేనల్లుడి దగ్గర నేర్చుకున్నానని తనే చెప్పాడు. ఆ మేనల్లుడు బెంగుళూరులో పని నేర్చుకుని స్కానరుతో తిరిగొచ్చిన కుర్రాడు. 2024 మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. పెద్దాయన బానెట్ ఎత్తలేదు. ఒక స్టూలు తెచ్చి అక్క ముందు వేసి, "ఎప్పుడు జేస్తాదిమ్మా ఇట్ల? పొద్దన్నా, మాపటికా? ఎండకా, వానకా? రొంత నిదానంగా చెప్పు" అన్నాడు. అక్క పుస్తకం తీసిచ్చింది. ఆయనకి చదవడం అంతంతమాత్రం. మేనల్లుడు చదివి వినిపించాడు. డిసెంబరు నుంచి మే దాకా, ముందటి అక్టోబరు సంగతులు కూడా గుర్తుచేసుకుని రాసినవి, అన్నీ కలిపి నలభైకి పైగా నమోదులు. పెద్దాయన మధ్యమధ్యలో ఆపుతూ, "ఆ పొద్దు లోడుందా? దిగేటప్పుడా, ఎక్కేటప్పుడా?" అని అడిగేవాడు. నేను పరిశోధనలో చేసిన ఇంటర్వ్యూల్లో సగానికి ఇంత బాగా ప్రశ్నలు వేసి ఉండను.

అంతా విన్నాక ఆయన అన్నది ఇది: "రెండు జబ్బులున్నాయి తల్లీ. చలిదీ ఎండదీ ఒకటే. వానది వేరే."

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పని చేసేది నూనె. ఎర్రటి పల్చటి నూనె, ఏటీఎఫ్ అంటారు. పంపు దాన్ని ఒత్తిడితో నెడితే, ఆ ఒత్తిడికే లోపలి క్లచ్చు పళ్లేలు బిగిసి ఒక్కో గేరు పడుతుంది. నూనె చిక్కదనం వేడిని బట్టి మారుతుంది. 40 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం 100 డిగ్రీలకు దాదాపు ఐదో వంతుకి పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కబడి మెల్లగా కదులుతుంది. అందుకే చాలా బండ్లలో నూనె వేడెక్కేదాకా పై గేర్లకు త్వరగా పోవద్దని కంప్యూటరే ఆపుతుంది. డిసెంబరులో మొదటి ఒకటి రెండు కిలోమీటర్ల తాత్సారం జబ్బు కాదు, బండి స్వభావం. 'డి'లో వేశాక మూడు సెకన్లు ఏమీ జరగకపోవడం మాత్రం జబ్బే.

నూనె మట్టం తగ్గిందని ఆయన అనుమానం. చల్లబడ్డ నూనె కుంచించుకుని మట్టం ఇంకా కిందికి దిగుతుంది. పంపు నూనెతోపాటు గాలినీ పీలుస్తుంది. గాలికి ఒత్తిడి రాదు, గేరు ఆలస్యంగా పట్టుకుంటుంది. వేడెక్కి నూనె వ్యాకోచిస్తే మట్టం కాస్త లేచి సర్దుకుంటుంది. మరి మే మధ్యాహ్నం? లోడు మీద నూనె మామూలుకంటే బాగా కాగి నీళ్లలా పల్చబడుతుంది. ఉన్నది తక్కువ నూనె, తిరిగి తిరిగి ఇంకా త్వరగా కాగుతుంది. పల్చటి నూనె అరిగిన సీళ్ల సందుల్లోంచి జారిపోతే మళ్లీ ఒత్తిడి చాలదు. పళ్లేలు జారతాయి, ఇంజను అరుస్తుంది. ఒకే కొరత, చలికి ఒక మొహం, ఎండకి ఒక మొహం. పొంతన లేదన్న మాటల్లో పొంతన ఇది.

ఇంత చెప్పీ ఆయన ఆ పూట పని మొదలుపెట్టలేదు. ఈ రకం గేర్‌బాక్సుకి నూనె చూసే పుల్ల ఉండదు. కింద ఒక బిరడా ఉంటుంది. బండి సమతలంగా నిలిపి, ఇంజను నడుస్తుండగా, నూనె తయారీదారు చెప్పిన వేడికి వచ్చినప్పుడే ఆ బిరడా విప్పాలి. సన్నటి ధార కారితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. కాగిన నూనె ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడు చూస్తే తక్కువున్నా సరిపోయినట్టే కనిపిస్తుంది. బెంగుళూరులో వంద కిలోమీటర్లు నడిపి తెచ్చిన బండిని అలా కాగి ఉండగా చూసి ఉంటే వాళ్లకేం కనపడుతుంది? "రేపు కోడి కూసే పొద్దుకి చూద్దాం, బండి ఈడనే పెట్టిపో" అన్నాడు. మేమిద్దరం బస్సెక్కి హిందూపురం వచ్చి, తెల్లవారకముందే మళ్లీ పోయాం. వద్దన్న బావ కూడా వచ్చాడు.

స్కానరులో నూనె వేడి చూస్తూ మేనల్లుడు చెయ్యెత్తినప్పుడు పెద్దాయన బిరడా విప్పాడు. ఒక్క చుక్క రాలేదు. తర్వాత నింపుకుంటూ పోతే లీటరుంబావు పట్టింది. దింపిన పాత నూనెను తెల్ల కాగితం మీద రాసి వాసన చూశాడు. ముదురు గోధుమరంగుకి తిరిగింది గానీ మాడు వాసన లేదు, లోహపు మెరుపు లేదు. అంటే పళ్లేలు ఇంకా మాడలేదు. ఇంకో వేసవి ఇలాగే తిరిగి ఉంటే మాడేవి, అప్పుడు ఆ రెండు లక్షల అరవై వేల కాగితం నిజమయ్యేది. నూనె ఎటు పోయిందంటే, రేడియేటరుకి పోయే గొట్టం అతుకు దగ్గర సన్నగా చెమరుస్తోంది. కింద చుక్క పడదు. చెమరింది చెమరినట్టే దుమ్ము పట్టి గట్టిపడింది. పెనుకొండ దుమ్ము ఎర్రన, నూనె ఎర్రన. చూసినవాళ్లందరూ మట్టి అనుకున్నారు.

వాన జబ్బు సంగతి మర్నాడు తేలింది. అక్క పుస్తకంలో వాన రోజులు ఆరున్నాయి, బండి బిగుసుకున్నది రెండే. ఆ రెండు రోజులూ ధర్మవరంలో రైలు కట్ట కింద నిలిచిన నీళ్లలోంచి వచ్చినట్టు రాసి ఉంది. "అయితే వాన కాదు, నీళ్లు" అన్నాడు మేనల్లుడు. గేర్‌బాక్సు పక్కన వైర్ల కనెక్టరు విప్పితే రబ్బరు సీలు చిట్లి ఉంది, పిన్నుల మీద పచ్చటి చిలుం. నీళ్లు చేరినప్పుడు కంప్యూటరుకి తప్పుడు కబుర్లు పోతాయి. దెబ్బ తగలకుండా అది ఒకే గేరులో బిగబట్టుకుంటుంది. ఆరిపోయాక మామూలే. డాక్టరు గదిలో అడుగుపెట్టగానే తగ్గిపోయే మన నొప్పుల లాంటిదే. చిలుం గీకి, కొత్త సీలు వేసి, వైరు పైకెత్తి కట్టారు.

గొట్టం, నూనె, సీలు, కూలీ అంతా కలిపి 14,300 రూపాయలు. బిల్లు బావ పేరు మీద రాశాడు మేనల్లుడు. అక్క చూసి, పేరు కొట్టించి తన పేరు రాయించుకుంది, ఖర్చు వ్యాపారం లెక్కలో చూపాలి కదా అని. బావ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఎవరో అడిగితే మాత్రం, "పెనుకొండలో భలే మెకానిక్కు దొరికాడు, చూడగానే కనిపెట్టేశాడు" అన్నాడు. ఆయన చూడగానే కనిపెట్టలేదు, వినగానే కనిపెట్టాడు అన్నాను నేను. రెండూ ఒకటే అన్నాడు బావ. అమ్మకం మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. డ్రైవరు మాట అప్పుడప్పుడూ ఎత్తుతూనే ఉంటాడు.

పోయిన చలికాలం నేను మళ్లీ ధర్మవరం వెళ్లాల్సి వచ్చి అక్క పక్కన కూర్చున్నాను. తెల్లవారుజామున అయిదున్నర. అక్క 'డి'లో వేసింది, గేరు వెంటనే పట్టుకుంది. రెండో గేరులో కాసేపు ఆగింది. ఇంకా చలిగా ఉంది కదా, ఆ మాత్రం ఆగుతుంది అంది. సోమందేపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు పుస్తకం తీసి తేదీ, టైము, లోడు రాసింది. ఇంకా ఎందుకు రాస్తున్నావని అడిగాను. ఎడమవైపు వెనక టైరు దగ్గర ఏదో శబ్దం వస్తోందట. ఖాళీగా ఉన్నప్పుడు రాదట, అరవై దాటితేనే వస్తుందట.